రీస్టార్ట్ నొక్కొద్దు!

2017 మే 13. శనివారం. కృత్తిక కార్తె. తెల్లారేసరికే గోడలు వేడెక్కాయి.

నెలలో రెండో శనివారం. కలెక్టరేటుకి సెలవు. మండలాఫీసుకి సెలవు. పోలీస్ స్టేషన్‌కి మాత్రం సెలవనేది లేదు. రాత్రి డ్యూటీ వాళ్లు దిగుతున్నారు, పొద్దుటి డ్యూటీ వాళ్లు ఎక్కుతున్నారు. ఫ్యాను కింద బల్ల మీద కంప్యూటరు. ఎవరో మౌస్ కదిపారు. తెర వెలిగింది.

ఎర్రగా వెలిగింది.

తెర నడిమధ్యన ఎర్రటి పెట్టె. ఎడమ పక్కన పైన తాళం బొమ్మ. దాని కింద రెండు గడియారాలు. ముందుకి కాదు, వెనక్కి నడుస్తున్నాయి. కుడి పక్కన బెదిరింపు. మీ ఫైళ్లకి తాళం వేశాం, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టండి అని. అప్పటి లెక్కలో 19 వేల రూపాయల పైమాటే. మూడు రోజుల్లో కట్టకపోతే రేటు రెట్టింపు. ఏడు రోజులు దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఏ భాషలో చదువుకుంటారో ఎంచుకోమని పైన ఓ మీట కూడా పెట్టారు. 28 భాషలున్నాయి. వాటిలో తెలుగు లేదు, హిందీ లేదు.

పెట్టెని పక్కకి జరిపితే ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. పేర్లూ అవే. కానీ ప్రతి ఫైలు పేరు చివరా కొత్తగా ఐదక్షరాలు అతుక్కున్నాయి. డబ్ల్యూ, ఎన్, సి, ఆర్, వై. డబుల్ క్లిక్. తెరుచుకోలేదు. ఇంకోటి. అదీ అంతే. టైపు చేసి పెట్టుకున్న ఉత్తరాలు, లెక్కలు కట్టుకున్న ఎక్సెల్ షీట్లు, స్కాన్ చేసి దాచిన కాగితాలు, ఫొటోలు, జిప్ చేసిన పాత ఫోల్డర్లు, ఏది నొక్కినా అదే మొండితనం, ఏ మూల వెతికినా ఆ ఐదక్షరాలే, పైన గడియారం మాత్రం ఒక్కో సెకనూ రాలుస్తూనే ఉంది. ఆ పొద్దున ఇదే ఎర్ర పెట్టె ఇంకెన్ని గదుల్లో వెలిగిందో అప్పటికి ఎవరికీ తెలీదు.

తెలిసేసరికి ఆ రోజంతా అదే వార్త.

చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం. ఐదు జిల్లాలు. 18 పోలీసు యూనిట్లు. ఆంధ్రప్రదేశ్ అప్పటి డీజీపీ నండూరి సాంబశివరావు మీడియా ముందుకొచ్చారు. విండోస్ మీద నడిచే కంప్యూటర్లకే దెబ్బ తగిలిందన్నారు. ఆపిల్ సిస్టమ్‌లకి ఏమీ కాలేదన్నారు. ముందు జాగ్రత్తగా కంప్యూటర్ల నుంచి లాగాఫ్ అవమని స్టేషన్లకి ఆదేశాలు వెళ్లాయి. దొంగల్ని పట్టుకునేవాళ్ల ఇంటికే దొంగ వచ్చాడు. తలుపు పగలగొట్టలేదు. ఏ కిటికీ ఊచా వంచలేదు. మరి ఎట్లా దూరాడు?

ఎవరూ తప్పుడు మెయిల్ తెరవనక్కర్లేదు. ఎవరూ పిచ్చి లింకు నొక్కనక్కర్లేదు. ఆఫీసులో ఒకే ఫోల్డర్ని, ఒకే ప్రింటర్ని నలుగురూ వాడుకోవడానికి విండోస్‌లో ఒక దారి ఉంటుంది. ఆ దారిలో అప్పట్లో ఓ కన్నం ఉండేది. దాన్ని ముందుగా కనిపెట్టింది అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ. కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా, దాంట్లోంచి దూరే ఆయుధాన్ని తయారుచేసుకుంది. పేరు ఎటర్నల్ బ్లూ. 2017 ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా ఆ ఆయుధాన్ని నెట్‌లో బయటపెట్టేసింది. నెల తిరక్కముందే ఎవరో దానికి తాళం వేసే ప్రోగ్రాం జోడించి ప్రపంచం మీదికి వదిలారు. వానాక్రై. ఒక కంప్యూటర్లో దూరితే చాలు, అదే నెట్‌వర్క్‌లో ఉన్న పక్కదాన్నీ, ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్నదాన్నీ తడుముతుంది. అక్కడా కన్నం ఉంటే దూరుతుంది. మనిషి వేలు పడే పనే లేదు. అందుకే ఒక్క రోజులో అది సముద్రాలు దాటింది.

సముద్రాల అవతల, ఒక్క రోజు ముందు, ఒక కుర్రాడు మధ్యాహ్నం భోజనం చేసి ఇంటికొచ్చాడు.

మే 12, శుక్రవారం. ఇంగ్లండ్‌లో ఇల్‌ఫ్రాకూంబ్ అనే సముద్రపు ఒడ్డు ఊరు. మార్కస్ హచిన్స్. వయసు 22. అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నాడు. వైరస్‌లని విప్పి చూడటమే అతని ఉద్యోగం. ఆ వారం సెలవు పెట్టాడు. కంప్యూటర్ ముందు కూర్చోగానే సెలవు సంగతి మర్చిపోయాడు. బ్రిటన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో తెరలు వరసగా ఎర్రబడుతున్నాయి. డాక్టర్లు కాగితం, పెన్ను పట్టుకున్నారు. అంబులెన్సులు దారి మళ్లుతున్నాయి. ఇంగ్లండ్‌లోని 236 ఆస్పత్రి ట్రస్టుల్లో 80కి దెబ్బ తగిలిందని తర్వాత తేలింది.

స్నేహితుడొకడు వైరస్ నమూనా పంపాడు. హచిన్స్ దాన్ని తన దగ్గరున్న పరీక్షా కంప్యూటర్లో వదిలి చూశాడు. ఒక వింత కనిపించింది. తాళాలు వేసే పని మొదలుపెట్టే ముందు అది ఒక వెబ్ అడ్రస్‌కి కబురు పంపుతోంది. కీబోర్డు మీద పిల్లాడు కొట్టినట్టు అర్థం పర్థం లేని పొడుగాటి అడ్రస్. ఆ పేరు ఎవరి సొంతమో చూశాడు. ఎవరిదీ కాదు. ఖాళీగా ఉంది. 10 డాలర్ల 69 సెంట్లు, అంటే మన డబ్బుల్లో ఏడొందల లోపు, కట్టి తన పేరున రాయించేసుకున్నాడు. మన దగ్గర అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతం.

వైరస్ ఆగిపోయింది.

ఆ అడ్రస్ నుంచి జవాబు రాకపోతే దాడి చెయ్యి, వస్తే ఆగిపో. వైరస్ రాసినవాళ్లు దాని కడుపులో పెట్టిన షరతు అది. హచిన్స్‌కి కూడా ముందు తెలీదు, తను నొక్కింది ఆ మీటేనని. తెలిశాక గదిలో గంతులేశాడు. కానీ ఆ మీటకి రెండు చోట్ల బలం లేదు. ఇంటర్నెట్‌కి నేరుగా కాకుండా ప్రాక్సీ సర్వర్ చాటునుంచి వెళ్లే ఆఫీసుల్లో వైరస్‌కి ఆ జవాబు అందదు, అది ఆగదు. ఇక అప్పటికే తాళం పడ్డ ఫైళ్ల సంగతి? వాటికి ఆ మీటతో సంబంధమే లేదు. తాళం తాళంగానే ఉంది. గడియారం నడుస్తూనే ఉంది.

చెరుకుపల్లి సెంటరు.

అప్పటికి అది గుంటూరు జిల్లాలోదే. బాపట్ల జిల్లా పుట్టడానికి ఇంకా ఐదేళ్లుంది. రేపల్లె వైపు పోయే బస్సు దుమ్ము లేపి వెళ్లింది. నెట్ సెంటర్లో జిరాక్స్ మిషను వేడికి టోనరు వాసన గుప్పుమంటోంది. మూలన యూపీఎస్ కీచుమంటోంది. వైరస్ కబురు టీవీకెక్కిన ఆ వారం, ఊళ్లో ఏ నెట్ సెంటర్లో నిలబడినా ఇలాంటి సీనొకటి కనపడేది. పంచె కట్టిన పెద్దాయన. చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. చెయ్యి వణుకుతోంది.

"అబ్బాయ్, ఇందులో మా అమ్మాయి పెళ్లి ఫొటోలున్నయ్యి. ఒక్కటీ తెరుచుకోట్లా. టీవీలో చెప్పే వైరస్సేనంటావా?"

"ఉండండి బాబాయ్, చూద్దాం. మీరేమన్నా చేశారా దీన్ని?"

"మా అల్లుడు రీస్టార్ట్ కొట్టమన్నాడు. కొట్టా. అయినా రాలా."

కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఫోల్డర్లు కనిపిస్తున్నాయి. ప్రతి దాని కింద మూలన చిన్న వంకర బాణం. ఒక్కోదాని సైజు చూశాడు. ఒక కేబీ. రెండు కేబీ. పెళ్లి ఫొటోలు రెండు కేబీల్లో పట్టవు. పెద్దాయన మొహం పాలిపోయింది.

కుర్రాడు కంగారు పడలేదు. డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిచాడు. మొత్తం జాగాలో ముప్పావు వంతు నిండి ఉంది.

"ఫొటోలు పోలేదు బాబాయ్. పోతే డ్రైవ్ ఖాళీ చూపించాలి. ఉన్నయ్యి. కనపడకుండా దాచింది, అంతే. ఈ బాణం గుర్తువి దొంగ షార్ట్‌కట్లు."

నల్లటి విండో తెరిచాడు. 'అట్రిబ్' అని కొట్టి, దాచిన గుర్తు, సిస్టమ్ గుర్తు తీసేయమని రెండు మైనస్‌లు పెట్టి, ఎంటర్ నొక్కాడు. ఒక్క క్షణం. అసలు ఫోల్డర్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. దొంగ షార్ట్‌కట్లు తుడిచేసి, యాంటీవైరస్ తిప్పి, మొదటి ఫొటో తెరిచాడు. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తం. పెద్దాయన బల్ల మీదికి వంగిపోయి చూశాడు.

"మరి పోలీసోళ్లవి కూడా ఇట్టానే తీసియ్యొచ్చుగా?"

కుర్రాడు తల అడ్డంగా ఊపాడు.

"ఇది దాచింది బాబాయ్. అది తాళం వేసింది."

దాచడానికీ తాళానికీ తేడా ఎంత?

చెరుకుపల్లికి దగ్గర్లోనే భట్టిప్రోలు. 1892లో అక్కడి స్తూపం దిబ్బలో అలెగ్జాండర్ రే తవ్వకాలు చేయించాడు. రాతి భరిణెలు దొరికాయి. వాటి మీద బౌద్ధుల కాలపు రాతలు. కొన్ని అక్షరాలు అశోకుడి బ్రాహ్మికి భిన్నంగా ఉన్నాయి. రెండు వేల ఏళ్లకి పైగా ఎవరూ చదవని అక్షరాలు. అయినా బ్యూలర్ అనే పండితుడు 1894 కల్లా వాటిని చదివి అచ్చువేశాడు. ఎలా? కొత్త అక్షరమైనా, అదే శబ్దం వచ్చిన ప్రతిచోటా మళ్లీ అదే వస్తుంది. కింద ఉన్నది ప్రాకృత భాష. భాషకి ఒక నడక ఉంటుంది. ఆ నడక పట్టుకుంటే అక్షరం లొంగుతుంది.

వానాక్రై తాళం వేసిన ఫైల్లో ఆ నడకే ఉండదు.

నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే తేడా కంటికి కనపడుతుంది. మామూలు పీడీఎఫ్ ఫైల్ని అలా తెరిస్తే మొదటి వరసలోనే 'పీడీఎఫ్' అని ఉంటుంది. వర్డ్ కొత్త రకం ఫైలైతే 'పీకే' అనే రెండక్షరాలతో మొదలవుతుంది. పేరు మారినా, వెర్షన్ కుదరకపోయినా, ఆ మొదటి అక్షరాలు ఫైలు కులగోత్రాలు చెప్పేస్తాయి. వానాక్రై పట్టిన ఫైలు మొదట్లో మాత్రం ఎనిమిదే ఎనిమిది గుర్తులు కనిపిస్తాయి. ఏడక్షరాల 'వానాక్రై', చివర ఆశ్చర్యార్థకం. వెనక్కి వెళ్లేకొద్దీ ఏ అక్షరానికీ ఏ అక్షరంతో పొత్తు కుదరని గందరగోళం. ప్రతి ఫైలుకీ విడిగా ఒక తాళంచెవి. సాధ్యమయ్యే తాళంచెవుల సంఖ్య రాస్తే 39 అంకెలు. ఆ చెవులన్నిటికీ కలిపి ఇంకో తాళం. దాన్ని తీసే చెవి కూడా తాళంలోనే. చిట్టచివరి చెవి దొంగ చేతిలో. ఊహించి కొట్టుకుంటూ కూర్చుంటే మనిషి జన్మలు చాలవు.

అయితే దొంగ చేతిలోని ఆ చివరి చెవి అక్కర్లేకుండానే, దానికి ముందున్న చెవి ఇంకో చోట దొరుకుతుందని ప్యారిస్‌లో ఒకతనికి అనుమానం వచ్చింది.

మే 18, గురువారం. మొదట దెబ్బతిన్న కంప్యూటర్ల గడువు ఇక ఒక్క రోజు. ఏడ్రియన్ గినే అనే ఫ్రెంచ్ పరిశోధకుడు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ జ్ఞాపకంలో వెతుకుతున్నాడు. హార్డ్ డిస్క్‌లో కాదు. ర్యామ్‌లో. కరెంటు ఉన్నంతసేపే బతికుండే జ్ఞాపకంలో. వైరస్ తాళంచెవి తయారుచేయడానికి రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు వాడుకుంటుంది. పని అయ్యాక చెవిని చెరిపేయమని విండోస్‌కి చెబుతుంది. విండోస్ ఆ జాగాని ఖాళీ చేసింది గానీ, అందులోని అంకెల్ని తుడవలేదు. ఆ రెండు సంఖ్యలూ అక్కడే పడి ఉన్నాయి. గినే వాటిని ఏరాడు. తాళంచెవి మళ్లీ పోతపోశాడు. ఫైలు తెరుచుకుంది.

బెంజమిన్ డెల్పీ అనే మరో ఫ్రెంచ్ నిపుణుడు ఆ రాత్రే దాన్ని అందుకున్నాడు. తెల్లారేసరికి విండోస్ 7కి కూడా పనిచేసే పనిముట్టు సిద్ధం చేశాడు. వానాకివీ. పైసా ఖర్చు లేదు. యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్ పరీక్షించి, పనిచేస్తోందంది. ఎవరైనా దించుకోవచ్చు. ఒకే ఒక్క షరతు.

కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి ఉండకూడదు.

ఆపి మళ్లీ వెలిగించామా, ర్యామ్ చెరిగిపోతుంది. ఆ రెండు సంఖ్యలూ పోతాయి. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసినా అంతే. ఆపకుండా ఉంచినా, దాని మీద వేరే పనులు చేస్తూపోతే ఆ అంకెల మీద కొత్త అంకెలు పడతాయి. ఫైలు తెరుచుకోకపోతే మనం మొదట చేసేదేంటి? అల్లుడు చెప్పేదేంటి, పక్క సీటు ఉద్యోగి చెప్పేదేంటి? ఒకసారి ఆపి వెయ్యి. వారం రోజులు కదలకుండా, ఆపకుండా, కరెంటు పోకుండా ఉన్న కంప్యూటర్లు ఎన్నుంటాయి? మంచి ఉద్దేశంతో నొక్కిన ఆ ఒక్క మీట, మిగిలిన ఒక్క దారినీ మూసేసింది.

మిగిలినవాళ్లలో కొందరు డబ్బు కట్టారు.

పెట్టెలో ఓ ఆశ చూపించారు. కొన్ని ఫైళ్లు ఉచితంగా తెరిచి చూపించే మీట. నమ్మకం కుదరడానికి. కానీ డబ్బు పడే ఖాతాలు మూడే. ఎవరు కట్టారో పోల్చుకునే ఏర్పాటు సరిగా లేదు. ఆగస్టులో ఆ మూడు ఖాతాలూ ఖాళీ అయ్యాయి. సుమారు లక్షా 40 వేల డాలర్లు. 150 దేశాల్లో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లని చెరబట్టి వాళ్లు రాబట్టింది అంతే. 2018 సెప్టెంబర్లో ఉత్తర కొరియాకి చెందిన పార్క్ జిన్ హ్యోక్ అనే ప్రోగ్రామర్ మీద ఈ దాడి విషయంలో అమెరికా నేరం మోపింది. మన దగ్గర, దాడి జరిగిన ఆ మే నెలలోనే, తిరుపతిలో టీటీడీ ఆఫీసు కంప్యూటర్లు కొన్నింటికీ ఆ వైరస్ సోకింది. దర్శనం టికెట్ల జోలికి మాత్రం రాలేదు.

ఈ కథలో గుండె పిండేది వేరే ఉంది. ఆ కన్నాన్ని మూసే మందు అప్పటికే వచ్చేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఉచితంగా విడుదల చేసింది మార్చి 14న. దాడి జరిగింది మే 12న. మధ్యలో 59 రోజులు. 'అప్‌డేట్ చేయమంటారా' అని తెర మీద మూలన కనిపించే చిన్న పెట్టె. పని మధ్యలో విసుగొచ్చి 'తర్వాత' అని నొక్కేసే పెట్టె. కొన్ని కంప్యూటర్లయితే ఎక్స్‌పీ కాలంనాటివి, వాటికి అప్‌డేట్లు రావడమే మానేశాయి. వాటి కోసం మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా మందు ఇచ్చింది మే 13న. అప్పటికే తెరలు ఎర్రబడ్డాయి.

రెండేళ్లు గడిచాయి. 2019 ఏప్రిల్ చివర.

ఈసారి కరెంటు ఆఫీసుల వంతు. ఆంధ్ర, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్ల మీద ఇంకో తాళం వైరస్ పడింది. వెబ్‌సైట్లు ఆగిపోయాయి. నెల చివర, బిల్లులు కట్టే సమయం. అప్పటికి గుంటూరు జిల్లా మొత్తం, చెరుకుపల్లితో సహా, తిరుపతి కేంద్రంగా నడిచే దక్షిణ డిస్కం కిందే ఉంది. మళ్లీ అదే బెదిరింపు, మళ్లీ బిట్‌కాయిన్. కానీ ఈసారి కథ వేరేగా తిరిగింది. సమాచారం ఇంకో చోట కాపీ చేసి ఉంది. ఆ బ్యాకప్‌లోంచి తెచ్చుకుని మళ్లీ నిలబెట్టుకున్నారు.

తాళం ఎంత గట్టిదైనా, రెండో కాపీ ఉన్నవాణ్ని అది ఏమీ చేయలేదు.

తీర్పు అదే. ఫైలు తెరుచుకోని రోజున ఎంత తెలివైనవాడొచ్చినా చేయగలిగేది కొంతే. దాన్ని కాపాడేది అంతకుముందు మీరు చేసిన పనే. పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు, షాపు లెక్కలు, ఏవైనా సరే, ఇంకో హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. ఎక్కించాక దాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే, వైరస్ దానికి కూడా తాళం వేస్తుంది. అప్‌డేట్ అడిగితే ఆ రాత్రే వేసుకోండి.

ఫైలు తెరుచుకోకపోతే కంగారు పడొద్దు. పేరు చివర ఏముందో చూడండి. సైజు చూడండి. ఒక కేబీ షార్ట్‌కట్లు కనిపిస్తే మీ ఫైళ్లు దాగి ఉన్నాయి, ఊళ్లో తెలిసిన కుర్రాడు చాలు. పేర్ల చివర కొత్త అక్షరాలు పుట్టి, డబ్బడిగే పెట్టె కనిపిస్తే మాత్రం నెట్ తీగ పీకండి, వైఫై కట్టేయండి. కంప్యూటర్ని ఆపొద్దు, రీస్టార్ట్ చేయొద్దు, డబ్బు కట్టొద్దు. తాళం పడ్డ ఫైళ్లని తుడిచేయొద్దు. ఈ రోజు లేని తాళంచెవి రేపు దొరకొచ్చు. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైట్లో అలా దొరికిన చెవుల్ని ఉచితంగా ఇస్తున్నారు. సైబర్ నేరాల ఫిర్యాదుకి నంబరు 1930. ఈ నాలుగంకెలూ ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి. ఈ ఆదివారమే ఒక గంట తీరిక చేసుకుని, మీ దగ్గరున్న ఫైళ్లకి రెండో కాపీ తీయండి.